ఐటీఎస్ చెప్పే పేరు ఒకటి కాకపోతే శిలీంధ్రం జాతిని ఎలా ఖరారు చేయాలి?

మొలకగొట్టం

సభ్యులందరికీ నమస్కారం. పండుకుళ్ళు సోకిన మిరప కాయల నుంచి 12 శిలీంధ్రాలను వేరు చేసి పెంచాను. వాటిలో తొమ్మిదింటి సిద్ధబీజాలు (అలైంగిక బీజాలు, కొనీడియా) పొట్టి స్తంభాల్లా, రెండు కొసలా గుండ్రంగా ఉన్నాయి. పొడవు 14 నుంచి 17 మైక్రాన్లు, వెడల్పు 4 నుంచి 5 మైక్రాన్లు వచ్చింది. మిగిలిన మూడింటి బీజాలు సన్నగా, కొడవలిలా వంగి, 20 మైక్రాన్లకు పైగా పొడవున్నాయి. పన్నెండింటికీ, శిలీంధ్రాలను గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ ప్రాంతాన్ని సీక్వెన్స్ చేయించాను. కొడవలి బీజాలవి మూడూ కొలెటోట్రైకమ్ ట్రంకేటమ్‌తో సరిపోయాయి.

చిక్కంతా ఆ తొమ్మిదితోనే వచ్చింది. డేటాబేసులో వెతికితే అదే కొలెటోట్రైకమ్ ప్రజాతిలోని గ్లియోస్పోరియాయిడిస్, సయామెన్స్, ఫ్రక్టికోలా అనే మూడు జాతుల పేర్లూ నూటికి నూరు శాతం పోలికతో ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. వాటిలో బాగా పాతుకుపోయిన పేరు గ్లియోస్పోరియాయిడిస్ కనుక నివేదిక చిత్తుప్రతిలో అదే రాశాను. దాన్ని చదివిన పెద్దాయన ఒకరు ఆ పేరు కింద గీత గీసి, పక్కన "ఆధారం?" అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. బీజాలను కొలిచాను, డీఎన్ఏ కూడా చూశాను. ఇంకా ఏ ఆధారం కావాలో దయచేసి చెప్పగలరు.

క్షారజత

మొలకగొట్టం గారూ, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఐటీఎస్ అనేది రైబోజోమ్ జన్యువుల నడుమ ఉండే ఖాళీ భాగం. కణంలో దానికి పదుల నుంచి వందల ప్రతులు ఉంటాయి కాబట్టి కొద్దిపాటి డీఎన్ఏ దొరికినా, దాన్ని ఎన్నో ప్రతులుగా పెంచే పీసీఆర్‌లో సులువుగా వస్తుంది. 1990లో వచ్చిన ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) దాదాపు అన్ని శిలీంధ్రాలకూ పనిచేస్తాయి. ఈ సౌలభ్యం వల్లనే 2012లో దీన్ని శిలీంధ్రాలన్నిటికీ ఉమ్మడి బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు. అయితే ప్రతిపాదించినవారే కొన్ని ప్రజాతుల్లో ఇది జాతి దాకా తీసుకెళ్ళలేదని చెప్పారు. కొలెటోట్రైకమ్ అలాంటి ప్రజాతే.

దీనికి కారణం కాలం. రెండు జాతులు విడిపోయి ఎక్కువ కాలం కాకపోతే, సుమారు 500 క్షారాల (డీఎన్ఏ అక్షరాల) ఐటీఎస్‌లో వాటి మధ్య ఒకటి రెండు తేడాలు కూడా పేరుకుని ఉండవు. మీకు మూడు పేర్లూ నూరు శాతంతో రావడానికి అర్థం మీ శిలీంధ్రం మూడింటిలో ఏదైనా కావచ్చునని మాత్రమే. 2012లోనే ఈ గ్లియోస్పోరియాయిడిస్ సముదాయాన్ని బహుళ జన్యువులతో పరిశీలించి 22 జాతులుగా, ఒక ఉపజాతిగా విడదీశారు. మీ తొమ్మిదీ ఆ సముదాయంలోనివని ఐటీఎస్ చెప్పింది. దాని పని అక్కడితో అయిపోయింది.

ఇక జీఏపీడీహెచ్, బీటా ట్యూబ్యులిన్, కాల్మోడ్యులిన్, ఆక్టిన్, కైటిన్ సింథేజ్ జన్యువుల్లో కనీసం రెండు మూడు చూడాలి. ఈ సముదాయానికి ఏపీమ్యాట్ అనే భాగం బాగా విడదీస్తుంది. అది సంపర్క జన్యువుకూ దాని పొరుగు జన్యువుకూ మధ్య ఉంటుంది, మార్పులు త్వరగా పేరుకుంటాయి.

పాతగాజుపలక

క్షారజత గారు చెప్పిన దానితో విభేదించను. కానీ మొలకగొట్టం గారి పన్నెండింటిలో మూడు వేరని మొదట చెప్పింది సూక్ష్మదర్శిని అన్న సంగతి మరచిపోకూడదు. కొడవలి బీజం కనబడగానే అది ఈ సముదాయంలోనిది కాదని పైసా ఖర్చు లేకుండా తేలిపోయింది. ఆ తొమ్మిదింటి విషయంలో కూడా ఒకటి అడగాలి: బీజాల రెండు కొసలూ నిజంగా గుండ్రంగానే ఉన్నాయా, లేక ఒక కొస సన్నబడి మొనదేలి ఉందా? మొనదేలి ఉంటే కొలెటోట్రైకమ్ లోనే మరో సముదాయమైన అక్యుటేటమ్‌ను అనుమానించాలి. మిరప కాయలపై వచ్చే స్కొవిలై అనే జాతి ఆ సముదాయంలోదే.

పాతవాళ్ళ పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క పేరుతో కొత్త జాతిని ప్రకటించేవారు. 1957 నాటికి ఈ ప్రజాతిలో పోగుపడిన సుమారు 750 పేర్లను ఫాన్ ఆర్క్స్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త కేవలం ఆకార లక్షణాల ఆధారంగా 11 జాతులకు కుదించారు. వందలాది పేర్లు గ్లియోస్పోరియాయిడిస్ అనే ఒకే గొడుగు కిందికి చేరింది అప్పుడే. ఆ కుదింపు అతిగా జరిగిందని ఇప్పుడు తెలిసింది. అంతకు ముందున్న విభజన అంతకంటే అధ్వాన్నంగా ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

కొలతల గురించి ఒక సందేహం. మీరు ఏ మాధ్యమం మీద, ఎన్ని రోజుల వయసున్న పెంపకం నుంచి, ఎన్ని బీజాలను కొలిచారు? బంగాళాదుంప అగార్ మీద పోషకాలు మెండుగా ఉండటంతో దూది తేలి, తంతువుల మీదే విడిగా పుట్టే బీజాలు చిన్నాపెద్దా కలిసి వస్తాయి. పోషకాలు తక్కువగా ఉన్న అగార్ మీద బీజకుదుళ్ళు ఏర్పడి, వాటి నుంచి నారింజరంగు ముద్దగా వచ్చే బీజాలు ఒకే తీరుగా ఉంటాయి. ఒక్కో పెంపకానికి కనీసం 30, వీలైతే 50 కొలవండి. గాజుపలక మీద బీజాలను మొలకెత్తించి అప్రెసోరియాలను (మొలక కొసన ఉబ్బి, మొక్కను అంటిపెట్టుకునే భాగాలను) కూడా చూడండి. వాటి అంచులు నునుపుగా ఉన్నాయో, నొక్కులు పడి ఉన్నాయో రాసుకోండి.

మొలకగొట్టం

పాతగాజుపలక గారూ, మీ అనుమానం సరిగ్గా తగిలింది. బంగాళాదుంప అగార్ మీద మూడు వారాల పెంపకం నుంచి ఒక్కోదానికి పదేసి బీజాలు మాత్రమే కొలిచాను. కొసలు మళ్ళీ చూశాను, గుండ్రంగానే ఉన్నాయి.

ఇంకో సంగతి మొదట రాయలేదు. తొమ్మిదింటిలో ఏడో నంబరుది సీక్వెన్స్ పటంలో (ఒక్కో క్షారాన్ని ఒక్కో శిఖరంగా చూపే పటం) తేడాగా ఉంది. దాదాపు 180వ క్షారం వరకు శిఖరాలు శుభ్రంగా ఉండి, ఆ తర్వాత ప్రతి చోటా రెండేసి శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఎత్తైన శిఖరాన్ని తీసుకుని అక్షరం వేసింది. నేను దాన్ని అలాగే వాడేశాను.

క్షారజత

ఆ ఫైలును అలా వాడకూడదండీ. ఒక చోటు నుంచి మొదలై చివరిదాకా జంట శిఖరాలు వస్తే, పొడవులో ఒకటి రెండు క్షారాల తేడా ఉన్న రెండు ప్రతులు కలిసి చదవబడుతున్నాయని అర్థం. ఒకే శిలీంధ్రంలోని ప్రతుల మధ్య అలాంటి తేడా ఉండవచ్చు. కానీ అంతకంటే సాధారణమైన కారణం ఒక పళ్ళెంలో రెండు శిలీంధ్రాలు ఉండటం. ఈ పెంపకం ఒకే సిద్ధబీజం నుంచి తీసిందేనా?

మొలకగొట్టం

తొమ్మిదింటిలో ఆరు ఒకే బీజం నుంచి తీసినవి. ఏడో నంబరుతో సహా మూడింటిని మచ్చ అంచు నుంచి కోసిన ముక్క చుట్టూ పెరిగిన తంతువుల కొస నుంచి నేరుగా మార్చాను.

పాతగాజుపలక

అయితే అక్కడే మొదలుపెట్టండి. బీజాలను శుభ్రమైన నీటిలో కలిపి, సూక్ష్మదర్శినిలో ఒకసారికి కనిపించే మేరలో ఒకటి రెండు బీజాలే ఉండేంత పలుచన చేసి, నీటి అగార్ మీద పల్చగా పరచండి. 12 నుంచి 18 గంటల్లో అవి మొలకెత్తుతాయి. సూక్ష్మదర్శిని కింద పళ్ళేన్ని పెట్టి, చుట్టుపక్కల ఇంకొకటి లేని మొలకను వెతికి, సన్నని సూదితో దాని చుట్టూ అగార్‌ను గీసి ఆ చిన్న తునకను ఎత్తండి. ఇలా ఏడో నంబరు నుంచి ఒకటి కాదు, పది మొలకలు ఎత్తండి. రెండు శిలీంధ్రాలుంటే వాటిలో బయటపడతాయి. ఏ జన్యువు చదివించాలన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

కొడవలిబీజం

నేను ఫ్యుజేరియమ్ అనే మరో శిలీంధ్ర ప్రజాతి మీద పనిచేస్తాను కనుక అటువైపు నుంచి ఒక మాట. మా ప్రజాతిలో ఐటీఎస్ ఇంకా ప్రమాదకరం. కొన్ని ఫ్యుజేరియమ్ జాతుల జన్యుసముదాయంలో రెండు వేర్వేరు వంశాలకు చెందిన ఐటీఎస్-2 ప్రతులు ఒకేచోట ఉన్నాయని 1997లోనే చూపారు. ఒకదాన్ని ఒక నమూనాలో, మరొకదాన్ని మరో నమూనాలో చదివితే వంశవృక్షమే తప్పుతుంది. అందుకే మేము టెఫ్-1 జన్యువును, దానికి తోడుగా ఆర్‌పీబీ-2ను చదువుతాం.

అయినా సూక్ష్మదర్శినిని పక్కన పెట్టలేదు. చిన్న బీజాలు గొలుసులుగా వస్తున్నాయా, తప్పుడు తలల్లాంటి తడి ముద్దలుగా వస్తున్నాయా అన్నది పళ్ళెం మూత తీయకుండానే సూక్ష్మదర్శినిలో కొద్దిగా పెద్దది చేసి చూసినా కనిపిస్తుంది. వెర్టిసిలియాయిడిస్ అనే జాతి గొలుసులు కడుతుంది, క్లామిడోస్పోర్లు (మందమైన గోడ ఉన్న నిద్రాబీజాలు) ఏర్పరచదు. ఆక్సిస్పోరమ్ పొట్టి కాడల మీద తప్పుడు తలలు కడుతుంది, క్లామిడోస్పోర్లు ఏర్పరుస్తుంది. సొలానై సముదాయంలో అవే తలలు పొడవాటి కాడల మీద ఉంటాయి. కార్నేషన్ ఆకు ముక్కలు వేసిన అగార్ మీద ఈ తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. సీక్వెన్స్ ఆక్సిస్పోరమ్ అని చెప్పి, పళ్ళెంలో పొడవాటి గొలుసులు కనిపిస్తే నేను మొదట అనుమానించేది గొట్టం మీది చీటీని.

చర్చకు కొంచెం పక్కదే అయినా ఒకటి చెప్పాలి. జాతి పేరు తేలినంత మాత్రాన తెగులు కలిగించే శక్తి తేలదు. ఆక్సిస్పోరమ్‌లో ఆశ్రయ మొక్కను బట్టి వందకు పైగా ప్రత్యేక రూపాలు ఉన్నాయి. ఏ మొక్కకూ హాని చేయనివి కూడా ఆ పేరుతోనే ఉన్నాయి. వ్యాధి కలిగించే జన్యువులున్న ఒక క్రోమోజోమ్ ఒక రకం నుంచి మరో రకానికి బదిలీ అయి, హానిచేయని రకాన్ని రోగకారకంగా మార్చగలదని 2010లో ప్రయోగపూర్వకంగా చూపారు. కాబట్టి టెఫ్-1 వృక్షంలో పక్కపక్కన కూర్చున్న రెండు రకాల్లో ఒకటి మొక్కను వడలగొట్టవచ్చు, ఇంకొకటి వేరు మీద ఊరికే బతకవచ్చు. మొలకగొట్టం గారూ, కాయల మీద తిరిగి వ్యాధి పుట్టించి చూశారా?

మొలకగొట్టం

చూశానండీ. పన్నెండూ సూదిగాటు పెట్టిన కాయల మీద మచ్చ కలిగించాయి, తిరిగి వేరు చేయగలిగాను. అయితే ఏడో నంబరు శుద్ధమైనది కాకపోతే ఆ ఫలితం కూడా చెల్లదు కదా.

నూలుపోగు

చదువుతూ వస్తున్నాను, ఒక సందేహం. డీఎన్ఏ వచ్చాక జాతులు పెరుగుతూనే పోతున్నాయి. ఎప్పుడైనా తగ్గాయా? లేకపోతే ఇది కేవలం పేర్లు పెట్టే ఉత్సాహమేమో అనిపిస్తోంది.

పాతగాజుపలక

తగ్గాయి. ఆల్టర్నేరియా అనే ప్రజాతిలో బీజాల గొలుసులు ఎలా కొమ్మలు వేస్తున్నాయి, బీజం ముక్కు ఎంత పొడవుంది అన్న సూక్ష్మమైన తేడాలతో ఎన్నో జాతులను వేరుచేశారు. 2015లో జన్యుసముదాయాలను పోల్చి, అనేక జన్యువులను చదివి, అలాంటి 35 జాతులను ఆల్టర్నేటా అనే ఒకే జాతిలో కలిపేశారు. నేను ఆ గొలుసుల చిత్రాలు గీసుకుంటూ సంవత్సరాలు గడిపినవాణ్ణి. కాబట్టి ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజం.

దీనికి ఎదురు ఉదాహరణ వరి అగ్గి తెగులు. ఆ శిలీంధ్రాన్ని చాలాకాలం గ్రిసియా అనే పిలిచారు. 2002లో మూడు జన్యువుల ఆధారంగా వరి మీది దాన్ని ఒరైజేగా విడదీశారు. రెండింటి బీజాలూ పియర్ కాయ ఆకారంలో, రెండు అడ్డుగోడలతో, మూడు గదులతో అచ్చం ఒకేలా ఉంటాయి. ఎంత మంచి కటకం పెట్టినా వాటిని విడదీయలేం.

క్షారజత

నూలుపోగు గారి అనుమానంలో కొంత నిజం ఉంది. అది మన సముదాయంలోనే జరిగింది. ఏపీమ్యాట్ ఒక్కదాని వృక్షం చూసి సయామెన్స్‌ను చాలా జాతులుగా చీల్చే ప్రయత్నం చేశారు. 2016లో అనేక జన్యువులను కలిపి పరిశీలించినప్పుడు ఆ చీలికలు నిలవలేదు, సయామెన్స్ ఒకే జాతి అని తేలింది. ఒక్క జన్యువు వృక్షంలోని ప్రతి కొమ్మనూ జాతి అనుకుంటే ఇలాగే అవుతుంది.

2000 నుంచి వాడుకలో ఉన్న సూత్రం ఇది. ఒకే జాతిలోపల జన్యువులు కలగలుస్తుంటాయి కనుక ఒక్కో జన్యువు ఒక్కో వంశవృక్షం చూపుతుంది. జాతుల మధ్య కలయిక ఆగిపోయి ఉంటుంది కనుక అన్ని జన్యువుల వృక్షాలూ ఆ చోట ఏకీభవిస్తాయి. ఏకీభావం ఎక్కడ ఆగి భేదం మొదలవుతుందో అదే జాతి హద్దు. అందుకే జన్యువులన్నీ కలిపి ఒకే వృక్షం వేసేముందు విడివిడిగా వేసి చూడండి. కలిపి వేసినదాంట్లో కొమ్మకు బలం (అది ఎంత నమ్మదగినదో చెప్పే అంకె) వంద వచ్చినా, విడివిడి వృక్షాల్లో ఆ కొమ్మే లేకపోతే అది ఒక్క జన్యువు గట్టిగా అరిచిన ఫలితం కావచ్చు.

తుప్పుపొక్కు

మాబోటివాళ్ళ సంగతి కూడా వినండి. కుంకుమ (తుప్పు, రస్ట్) తెగుళ్ళ శిలీంధ్రాలు బతికున్న మొక్క మీదే పెరుగుతాయి. మీరు చెప్పే ఏకబీజ పెంపకం అగార్ మీద మాకు కుదరదు. పొక్కు నుంచి గీరిన పొడి నుంచే డీఎన్ఏ తీయాలి. ఒకసారి అలా తీసిన నమూనా చక్కటి ఐటీఎస్ ఇచ్చింది, శిఖరాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. తీరా పేరు చూస్తే స్ఫెరెల్లాప్సిస్! అది కుంకుమ పొక్కుల మీద బతికే పరాన్నజీవి. ఆకు ముక్కను మళ్ళీ కటకం కింద పెడితే పొక్కుల మధ్య దాని నల్లని బీజకుదుళ్ళు మిరియపు పొడి చల్లినట్టు ఉన్నాయి. మేము శిలీంధ్రాలకే పనిచేసే ప్రైమర్లతో సరిపెట్టుకోక, కుంకుమ శిలీంధ్రాలకు ప్రత్యేకించిన ప్రైమర్లు వాడతాం. దానికి తోడు శీతకాలపు బీజాల గోడ మందం, కాడ, గదుల సంఖ్య ఇప్పటికీ మాకు ప్రధానమైన ఆధారాలు.

మొక్కల తెగుళ్ళు కలిగించే ఫైటోఫ్తొరా వైపు ఇంకో పాఠం ఉంది. నిజానికి అది శిలీంధ్రమే కాదు, దాని కణగోడలో సెల్యులోజ్ ఉంటుంది. 1963లో వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్త గుర్తింపు సౌకర్యం కోసం బీజాశయం కొసన బొడిపె ఉందా లేదా వంటి లక్షణాలతో ఆ జాతులను ఆరు గుంపులు చేశారు. తర్వాత డీఎన్ఏ వృక్షంలో ఒకే రకం బొడిపె ఉన్నవి వేర్వేరు శాఖల్లో తేలాయి. బంధుత్వం విషయంలో ఆ గుంపులు తప్పినా, చేతిలోని నమూనాను పోల్చుకోవడానికి ఆ లక్షణాలు నేటికీ పనికివస్తున్నాయి. గుర్తించడం వేరు, వర్గీకరించడం వేరు.

క్షారజత

డేటాబేసుల గురించి చెప్పడం మరచాను. మొదటి వరుసలో వచ్చిన పేరును ఎత్తి రాయకండి. బహిరంగ డేటాబేసుల్లోని శిలీంధ్ర సీక్వెన్సుల్లో దాదాపు ఐదో వంతుకు జాతి పేరు తప్పు కావచ్చని 2006లో వచ్చిన ఒక పరిశీలన అంచనా వేసింది. తప్పు పేరుతో ఒకరు పెట్టినదాన్ని చూసి రెండోవారు, రెండోవారిని చూసి మూడోవారు అదే పేరు పెడతారు. మీరు పోల్చవలసింది ప్రమాణ నమూనా (జాతి పేరుకు ఆనవాలుగా స్థిరపరిచిన నమూనా) నుంచి వచ్చిన పెంపకాల సీక్వెన్సులతో.

గ్లియోస్పోరియాయిడిస్ కథ ఇక్కడ చాలా పనికివస్తుంది. 1882లో పెన్సిగ్ అనే శాస్త్రవేత్త దాన్ని నిమ్మజాతి మొక్క మీద వర్ణించారు. ఆ పాత నమూనా నుంచి డీఎన్ఏ పోలిక కుదరక, ఏ శిలీంధ్రానికైనా ఆ పేరు తగిలించే వీలుండేది. 2008లో ఇటలీలో నారింజ మీద దొరికిన పెంపకాన్ని ఆ పేరుకు ఆనవాలుగా స్థిరపరిచారు. ఆ తర్వాత పోల్చి చూస్తే, ఉష్ణమండల పండ్ల మీద ఇన్నాళ్ళూ గ్లియోస్పోరియాయిడిస్ అని రాసినవాటిలో అధికభాగం ఆ జాతి కానేకాదని తేలింది. మీ మిరప మీది తొమ్మిది కూడా బహుశా కావు.

నూలుపోగు

మిరప మీద కొడవలి బీజాలదాన్ని మేము కాప్సిసై అని చదువుకున్నాం. అది ట్రంకేటమ్ కన్నా వేరా?

పాతగాజుపలక

ఒకటే. 2009లో వంకర బీజాల జాతులను సమీక్షించినప్పుడు కాప్సిసైని ట్రంకేటమ్‌లో చేర్చారు, ట్రంకేటమ్ పాత పేరు కనుక అది నిలిచింది. లైంగిక దశకొక పేరు, అలైంగిక దశకొక పేరు పెట్టే పద్ధతి కూడా 2011లో మెల్బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశంలో రద్దయింది. అందుకే కొలెటోట్రైకమ్ లైంగిక దశకు పెట్టిన గ్లొమెరెల్లా అనే పేరు కొత్త వ్యాసాల్లో కనిపించదు. పాత నివేదికలు వెతికేటప్పుడు మాత్రం ఈ పాత పేర్లన్నీ గుర్తుంచుకోవాలి.

మొలకగొట్టం

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఏకబీజ పెంపకాలు కాని మూడింటినీ మళ్ళీ శుద్ధి చేశాను. రెండు మారలేదు. ఏడో నంబరు నుంచి ఎత్తిన పది మొలకల్లో ఎనిమిది బూడిదరంగు దూదితో, స్తంభాకార బీజాలతో పెరిగాయి. రెండింటిలో నల్లని ముళ్ళున్న బీజకుదుళ్ళు, కొడవలి బీజాలు వచ్చాయి. ఒకే మచ్చలో రెండు జాతులు ఉన్నాయన్నమాట. మొదటిసారి తీసి దాచిన గాజుపలకను పెట్టెలోంచి తీసి మళ్ళీ చూశాను. ఒక మూల మూడు కొడవలి బీజాలు పడి ఉన్నాయి. అప్పుడు మధ్యభాగంలో పది కొలిచి ఆపేశాను, మూలకు వెళ్ళలేదు.

శుద్ధి చేసిన తొమ్మిది స్తంభాకార పెంపకాలకు జీఏపీడీహెచ్, బీటా ట్యూబ్యులిన్, ఏపీమ్యాట్ చదివించాను. ప్రమాణ పెంపకాల సీక్వెన్సులతో విడివిడిగా మూడు వృక్షాలు వేశాను. మూడింటిలోనూ ఏడు సయామెన్స్‌తో, రెండు ఫ్రక్టికోలాతో చేరాయి. గ్లియోస్పోరియాయిడిస్ శాఖలో ఒక్కటీ చేరలేదు. ఈసారి 50 బీజాల చొప్పున కొలిచాను. సయామెన్స్‌కూ ఫ్రక్టికోలాకూ కొలతలు పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అప్రెసోరియాల్లో కూడా నేను గట్టిగా చెప్పగల తేడా కనిపించలేదు. ఏడో నంబరులోని రెండు జాతులనూ విడివిడిగా కాయల మీద పెట్టాను, రెండూ మచ్చ కలిగించాయి.

ఒకటే సందేహం మిగిలింది. పాత నివేదికల్లో ఐటీఎస్ మాత్రమే ఉన్న నమూనాలు మరో 40 దాకా ఉన్నాయి. వాటికి అన్ని జన్యువులూ చదివించే వీలు లేదు. ఏ పేరు రాయాలి?

క్షారజత

"కొలెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ జాతి సముదాయం" అని రాయండి. "సముదాయం" అన్న మాటను ఎక్కడా వదలొద్దు, పట్టికల్లో చోటు చాలకపోయినా సరే. పెంపకాలు బతికి ఉంటే ముందు జీఏపీడీహెచ్ ఒక్కటి చదివించండి. ఆ ఒక్కదానితోనే చాలావరకు ఏ జాతి వైపు వెళ్తాయో తెలుస్తుంది. ఎటూ తేలనివాటికి మాత్రమే ఏపీమ్యాట్ పెట్టుకోండి.

పాతగాజుపలక

నివేదికతో పాటు తొమ్మిదింటిలో ఒక్కో జాతికి కనీసం ఒక పెంపకాన్ని కల్చర్ భాండాగారానికి, మచ్చలున్న ఎండిన కాయను హెర్బేరియానికి (ఎండు నమూనాల భాండాగారానికి) ఇచ్చి, ఆ నంబర్లను సీక్వెన్స్ నంబర్ల పక్కనే రాయండి. రేపు సయామెన్స్ హద్దులు మళ్ళీ మారితే, అప్పటివాళ్ళు మీ పేరును కాకుండా మీ పెంపకాన్ని చూసి సరిదిద్దుకుంటారు. ఏడో నంబరు మచ్చ ఉన్న కాయ మిగిలి ఉంటే దాన్ని తప్పకుండా పంపండి. ఆ గాజుపలకను కూడా, మూల చుట్టూ సిరాతో ఒక వలయం గీసి.

మొలకగొట్టం

కాయ ఉంది, కాగితపు కవరులో ఎండబెట్టాను. పలక మీద వలయం గీశాను.